మూణ్ణాళ్ళ తీర్పు

కొత్త కోడలు గుమ్మంలో అడుగుపెట్టిన మూడో రోజుకల్లా ఆమె గుణగణాలన్నీ తేల్చి చెప్పగల ప్రజ్ఞావంతులు మన ఇళ్ళల్లో తక్కువేం కాదు. "నడకలోనే తెలిసిపోయిందమ్మా" అంటుందొకావిడ. "అన్నం వడ్డించేటప్పుడు చూశాగా, చెయ్యి జారదు" అంటుంది ఇంకొకావిడ. ఈ విద్య ఆడవాళ్ళకే సొంతమని మగవాళ్ళు మనల్ని వెక్కిరిస్తూ ఉంటారు. నిజమే కాబోలని నేనూ చాలాకాలం లోలోపల సిగ్గుపడ్డాను. కాని కరీంనగర్‌లో మా అన్నయ్య ఇంట్లో ఒక ఫుట్‌బాల్ అభిమానిని దగ్గర్నుంచి చూశాక ఆ సిగ్గు కాస్త తగ్గింది.

ఆ అభిమాని మా మేనల్లుడే. వాడి ప్రాణమంతా హైదరాబాద్ ఎఫ్.సి. అనే జట్టు మీద ఉండేది. 2019లో ఆ జట్టు పుట్టినప్పుడు మా ఇంట్లో మగపిల్లవాడు పుట్టినంత సంబరం చేశాడు. శిక్షకుడు ఫిల్ బ్రౌన్ అనే ఇంగ్లీషాయన. 2008లో హల్ సిటీ అనే జట్టును ఇంగ్లండు ప్రీమియర్ లీగులోకి తీసుకుపోయిన ఘనుడు. "ఇగ మనకు తిరుగు లేదత్తా" అన్నాడు వీడు. మొదటి మ్యాచ్‌లోనే కలకత్తా జట్టు చేతిలో అయిదు గోల్సు తిన్నారు. 2020 జనవరిలో బ్రౌన్‌గారిని పంపించేశారు. ఆ ఏడు 18 మ్యాచుల్లో దక్కినవి 10 పాయింట్లు. పట్టికలో అట్టడుగు.

తరువాత ఆల్బర్ట్ రోకా అనే స్పెయిను దేశస్థుడు వస్తున్నాడన్నారు. బెంగళూరు జట్టును 2016లో ఏ.ఎఫ్.సి. కప్పు ఫైనల్ దాకా నడిపించినవాడు. వీడి ఆనందానికి అంతు లేదు. ఆ రోకా, సీజను మొదలు కాకముందే, 2020లో బార్సిలోనా నుంచి పిలుపొస్తే వెళ్ళిపోయాడు. పీటల మీది పెళ్ళి ఆగినట్టయింది. ఆయన స్థానంలో ఆగస్టు నెలాఖరున మనోలో మార్క్వెజ్ అనే ఇంకో స్పెయినాయన్ని హడావుడిగా తెచ్చారు. "పేరే ఇనలే" అని పెదవి విరిచాడు మావాడు. "ఏదో ఒకడు దొరికిండని పెట్టుకున్నరు." తప్పిపోయిన సంబంధం స్థానంలో ఆదరాబాదరాగా కుదిర్చిన సంబంధం ఎవరికి మాత్రం నచ్చుతుంది చెప్పండి?

ఆ మార్క్వెజ్‌గారు వచ్చీ రాగానే ఇరవై ఏళ్ళు నిండని ఆకాశ్ మిశ్రా లాంటి కుర్రాళ్ళను మైదానంలోకి దింపాడు. పెద్ద పేర్లకోసం ఎదురుచూసిన అభిమానులకు అది మింగుడు పడలేదు. తీరా చూస్తే, అట్టడుగు జట్టు ఆ ఏడు అయిదో స్థానానికి ఎగబాకింది. నాలుగో స్థానం వెంట్రుకవాసిలో తప్పింది.

సరే, బుద్ధి వచ్చిందా అంటే, లేదు! 2021 జూలైలో బర్తొలొమ్యూ ఒగ్బెచే అనే నైజీరియా ఆటగాణ్ణి తెచ్చారన్న వార్త వచ్చింది. అప్పుడు నేను కరీంనగర్‌లోనే ఉన్నాను.

"చూసినవా అత్తా, ముప్పై ఆరేండ్ల ముసలోన్ని తెచ్చిండ్రు! ఉరుకుతడా వాడు?" అని నా ముందు ఫోను పెట్టాడు.

నాకప్పటికి నలభై దాటి మూడేళ్ళు. ముసలోడన్న మాట కాస్త గుచ్చుకుంది. నేను నోరు తెరిచేలోగా వంటింట్లోంచి మా వదిన గొంతు వినిపించింది.

"ఆడనియ్యి రా ముందుగాల! ఉరికేటోడే గోల్ కొడతడా? యాడ నిలబడాల్నో తెల్సినోడు కొడతడు గని."

ఆమె సర్వపిండి చేస్తూనే అంది ఆ మాట. మేం ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. మా వదినకు ఫుట్‌బాల్ సంగతి ఏం తెలుసు? అక్కడే ఒక కథ ఉంది. దానికి వస్తాను. ముందు చరిత్ర కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ తొందరపాటు తీర్పులు మా మేనల్లుడితో మొదలైనవి కావు.

మన తెలంగాణంలో ఫుట్‌బాల్ ఏమిటి, అదంతా బెంగాలువాళ్ళ ఆట కదా అనుకునే వాళ్ళలో నేనూ ఒకదాన్ని. కాని 1950 నుంచి 1954 దాకా, వరుసగా అయిదేళ్ళు, బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును ఎత్తుకొచ్చింది హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు! ఆ జట్టు వెనక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టిన ఆయన వృత్తిరీత్యా బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్ళలో పాఠాలు చెప్పినవాడు. బడిపంతులు దేశానికి ఆట నేర్పడమేమిటి అని నవ్వుకోవడం ఎంత తేలిక! ఆ పంతులుగారే మన జాతీయ జట్టుకు శిక్షకుడై, 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెప్పించారు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డ మీదనే 4-2తో ఓడించి, సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు అనిపించారు. అక్కడ నాలుగో స్థానం వచ్చింది. ఆ ఎత్తు మళ్ళీ మనకు అందలేదు.

రహీంగారికి మనిషిని చూడడం తెలుసు. సికిందరాబాద్ దగ్గర అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరామ్ అనే కుర్రాణ్ణి ఆయన కనిపెట్టారు. ఆ పిల్లవాడికి అంతదూరం నుంచి మైదానానికి వచ్చే తాహతు లేకపోతే, సైకిలు అద్దెకు డబ్బులు తన జేబులోంచి ఇచ్చారట. వేరేవాళ్ళు చూస్తే కనిపించేది చాలీచాలని బట్టల్లో ఉన్న బక్కపిల్లవాడు. రహీం చూస్తే కనిపించింది వేరు. ఆ బలరామ్ మెల్‌బోర్న్‌లో ఆడాడు, 1962లో జకార్తాలోనూ ఆడాడు.

జకార్తా ముచ్చట చెప్పకుండా ముందుకు పోలేను. ఆ ఆసియా క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వలేదని మన అధికారి ఒకరు అభ్యంతరం చెప్పినందుకు అక్కడి జనం మన మీద మండిపడుతున్నారు. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయాం. థాయ్‌లాండుతో ఆడేటప్పుడు వెనక వరసలో కోటగోడలా నిలిచే జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఇంకెవరైనా అయితే అతన్ని పక్కన కూర్చోబెడతారు. రహీంగారు ఏం చేశారో తెలుసా? గోలు ఆపడం పనిగా ఉన్న మనిషిని, గోలు కొట్టే ముందువరసలో నిలబెట్టారు! తల పగిలిన వెనకవరస ఆటగాడు ముందుకెళ్ళి ఏం చేస్తాడని ఎవరికైనా అనిపిస్తుంది. జర్నైల్ సింగ్ సెమీఫైనల్లో గోలు కొట్టాడు, సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్లోనూ కొట్టాడు. అప్పటికి ఫ్లూతో పడకేసి లేచిన గోల్‌కీపరు తంగరాజ్‌నే ఆ రోజు గోలు ముందు నిలబెట్టారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు. లక్షమంది హేళనల మధ్య, మొదట మనల్ని ఓడించిన కొరియానే 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. రహీంగారికి అప్పటికే కాన్సరు. ఏడాది తిరక్కుండానే, 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. 2024లో 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చిందాకా మన ఇళ్ళల్లో చాలామందికి ఆయన పేరే తెలియదు. ఇది కూడా తప్పుడు అంచనాయే. కాకపోతే దీనికి మనందరం బాధ్యులం.

మనమే ఇలా అనుకోకండి. ఫుట్‌బాల్ పుట్టినింటివాళ్ళు ఇంకా ఘనులు. 1996లో ఆర్సెనల్ జట్టుకు జపాన్ నుంచి ఆర్సెన్ వెంగర్ అనే ఫ్రెంచాయన మేనేజరుగా వస్తే, ఈయనెవరండీ బాబూ అని లండన్ పత్రిక శీర్షికే పెట్టింది. ఆ 'ఎవరండీ' 2003-04లో ఒక్క లీగు మ్యాచ్ కూడా ఓడకుండా జట్టును నడిపించాడు. 1986లో మాంచెస్టర్ యునైటెడ్‌కు వచ్చిన అలెక్స్ ఫెర్గూసన్‌ను, మూడేళ్ళు చూసి ఇక చాలు వెళ్ళిపోమ్మని 1989లో ఒక అభిమాని మైదానంలో గుడ్డమీద రాసి పట్టుకున్నాడు. వెళ్ళలేదు కాబట్టి సరిపోయింది. 2013లో విరమించేలోగా ఆయన 13 సార్లు లీగు గెలిపించాడు. 2015లో లెస్టర్ జట్టుకు క్లాడియో రానియెరీ వచ్చినప్పుడు, ఆ ఊరి బిడ్డే అయిన ఒకనాటి మేటి ఆటగాడు గారీ లినెకర్, నిజంగా ఈయనేనా అని ఆశ్చర్యపోయాడు. పందాలవాళ్ళు ఆ జట్టు గెలిస్తే ఒకటికి అయిదు వేలు ఇస్తామన్నారు. మరుసటేడు, 2016లో, లెస్టరే గెలిచింది.

ఇవన్నీ వింటుంటే నాకొకటి అనిపించింది. అభిమానులు కళ్ళు లేనివాళ్ళు కారు. ప్రేమ లేనివాళ్ళు అసలే కారు. వాళ్ళకున్న చిక్కల్లా, కొత్తగా వచ్చినవాణ్ణి చూడరు. వెళ్ళిపోయినవాణ్ణి, లేదా రావలసి రాకుండా పోయినవాణ్ణి మనసులో పెట్టుకుని, వీడు వాడిలా లేడేమని చూస్తారు. మార్క్వెజ్‌ను చూసి పెదవి విరిచినప్పుడు మా మేనల్లుడు చూసింది మార్క్వెజ్‌ను కాదు, రాని రోకాను. మన ఇళ్ళల్లోనూ అంతేగా! పెళ్ళికాకముందు అత్తగారి ఊహలో ఒక కోడలుంటుంది. వచ్చినమ్మాయి ఆ ఊహలోని అమ్మాయికి సవతి.

ఇక మా వదిన సంగతి చెప్పాలి. చెప్పడం నాకంత సుఖం కాదు.

ఆమెది బెల్లంపల్లి. అప్పుడు ఆదిలాబాద్ జిల్లా, 2016 నుంచి మంచిర్యాల జిల్లా. తండ్రి సింగరేణి బొగ్గుబావిలో పనివాడు. 1992లో మా ఇంటికి వచ్చింది. నాకు పద్నాలుగేళ్ళు. మా బాపు స్కూలు మాస్టరు, ఇంట్లో అరల నిండా పుస్తకాలు. వచ్చిన మూడో రోజుకే నేను ఆమె మీద తీర్పు చెప్పేశాను. తెల్లవారుజామున నాలుగింటికే లేచి వంటింట్లో గిన్నెలు చప్పుడు చేసేది. అదంతా అత్తగారి మెప్పు కోసం నాటకమన్నాను. పగలంతా గొంతు పెగలనంత చిన్నగా మాట్లాడేది, అడుగుల చప్పుడు కాకుండా నడిచేది. అది గర్వమన్నాను. పద్నాలుగేళ్ళ న్యాయమూర్తిని! అప్పీలు కూడా లేదు.

అంతటితో ఆగితే చిన్నపిల్ల చేష్ట అనుకోవచ్చు. కాని నేను రచయిత్రినయ్యాను. ఇరవై మూడో ఏట రాసిన నా మొదటి నవలలో ఒక గడసరి కోడలుంది. తెల్లవారగట్ల గిన్నెలు మోగించి ఇంటిల్లిపాదినీ లేపుతుంది. పిల్లిలా నడిచి అందరి మాటలూ వింటుంది. పాఠకులు ఆ పాత్రను బాగా తిట్టుకున్నారు. ఉత్తరాలు కూడా రాశారు. నేను మురిసిపోయాను.

ఆ తరువాత అయిదేళ్ళకు మా బాపుకు పక్షవాతం వచ్చింది. మూడేళ్ళు మంచం మీద ఉన్నాడు. కన్నకూతుర్ని నేను నెలకోసారి వచ్చి రెండు రోజులుండి, కళ్ళు తుడుచుకుని వెళ్ళేదాన్ని. ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, ముద్ద కలిపి పెట్టడం అంతా ఆమే. ఒక రాత్రి బాపు నిద్రపోయాక ఇద్దరం వసారాలో కూర్చున్నాం. పగలు కూడా ఇంత నిశ్శబ్దంగా పని ఎలా చేస్తావు వదినా అని అడిగాను.

"మా ఇంట్ల గట్లనే అలవాటు" అంది. "మా బాపు రాత్రి షిఫ్టు చేసి వచ్చి పొద్దటిపూట పండేటోడు. మేం నలుగురం పిల్లలం. గట్టిగ మాట్లాడితే మా అవ్వ వీపు పలగ్గొట్టేది. నిద్ర చాలకుంటె బాయిల పానం మీదికొస్తదని భయం. మొదటి షిఫ్టు ఉంటే నాలుగు గంటలకే లేసి సద్ది కట్టాలె. బాపు బాయిలకు దిగెటప్పుడు ఉత్త కడుపుతోని పోవద్దని."

నేనేం మాట్లాడలేకపోయాను. ఆమె నాలుగు గంటల గిన్నెల చప్పుడు, భూమి కిందికి దిగే తండ్రికోసం. ఆమె పిల్లి నడక, భూమి కిందనుంచి తిరిగొచ్చి పడుకున్న తండ్రికోసం. నేను దానికి పెట్టిన పేర్లు నాటకం, గర్వం. నవల అప్పటికి రెండుసార్లు అచ్చయింది.

ఫుట్‌బాల్ ఎలా తెలుసన్నది కూడా ఆ రాత్రే తెలిసింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలి కనుక పగలంతా పిల్లల్ని కాలనీ మైదానానికి తోలేసేదట తల్లి. అక్కడ షిఫ్టు దిగిన కార్మికులు బంతి ఆడుతుంటే గట్టుమీద కూర్చుని చూస్తూ పెరిగింది. పొగలూదే కుర్రాళ్ళు పరుగెత్తి పరుగెత్తి అలసిపోతే, తలనెరిసిన ఒక పెద్దమనిషి గోలు దగ్గర ఊరికే నిలబడి ఉండి, వచ్చిన బంతిని కాలితో అలా తోసేసేవాడట.

మళ్ళీ ఆటకు వద్దాం. 2021 నవంబరులో సీజను మొదలైంది. మొదటి మ్యాచ్ ఓడిపోగానే మావాడు "నేను చెప్పలే?" అన్నాడు. తరువాత ఆ 'ముసలోడు' కొట్టడం మొదలుపెట్టాడు. 18 గోల్సు! ఆ ఏడు లీగులో అందరికంటే ఎక్కువ. 2022 మార్చి 20, ఆదివారం, గోవాలో ఫైనల్. స్టేడియమంతా కేరళ అభిమానులే. 68వ నిమిషంలో కేరళ గోలు కొట్టింది. మావాడు దిండులో మొహం పెట్టుకున్నాడు. 88వ నిమిషంలో, బల్ల మీదినుంచి లేచి వచ్చిన సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన దెబ్బకు స్కోరు సమానమైంది. చివరికి పెనాల్టీలు. గోల్‌కీపరు కట్టిమని మూడు ఆపాడు. 3-1. పేరే వినని మార్క్వెజ్ హైదరాబాద్‌కు కప్పు తెచ్చాడు!

మావాడు తల్లిని ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. "నువ్వే కరెక్టమ్మా!" అని అరిచాడు. వాడి తప్పు అంత తేలిగ్గా కొట్టుకుపోయింది. అభిమానుల అదృష్టం అది. వచ్చే మ్యాచ్ ఉంటుంది, వాళ్ళ మాటలు గాలికి పోతాయి. అచ్చయిన మాట అలా పోదు.

దీని తరువాతి కథ కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. 2023లో మార్క్వెజ్ గోవా జట్టుకు వెళ్ళిపోయాడు. 2024లో భారత జట్టుకే శిక్షకుడయ్యాడు. "ఇగ చూడు" అన్నాడు మావాడు. ఎనిమిది మ్యాచుల్లో ఒకటే గెలుపు. 2025 జూలైలో తప్పుకున్నాడు. అదే మనిషి, అదే విద్య. అదే ఏడు గోవాకు సూపర్ కప్పు కూడా తెచ్చాడు. చోటు మారితే ఫలితం మారింది. పొగడ్తలోనూ మన తొందర తొందరే. ఇక హైదరాబాద్ ఎఫ్.సి. మాటకొస్తే, డబ్బు ఇబ్బందుల్లో పడి, చేతులు మారి, 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. మైదానంలో ఉన్న ప్రతివాణ్ణీ తూకం వేసిన అభిమానులు, పునాది గట్టిగా ఉందా లేదా అన్నది మాత్రం చూసుకోలేదు. కోడల్ని వంద కళ్ళతో చూసి ఇంటి దూలానికి చెదపట్టిన సంగతి మరిచిపోయినట్టు.

ఆ ఫైనల్ రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో వదిన గిన్నెలు సర్దుతోంది, చప్పుడు కాకుండా. పదహారేళ్ళుగా గొంతులో ఉన్న మాట బయటికి వచ్చేసింది.

"వదినా, నా మొదటి నవలలో..."

"తెల్సు" అంది, వెనక్కి తిరక్కుండానే. "నా గిన్నెల సప్పుడు నేను గుర్తుపట్టనా?"

"మరి ఒక్కనాడూ అడగలేదేం?"

"అడిగితె ఏం జేస్తవ్? అచ్చయింది గదా." గిన్నె బోర్లించింది. "నేను సుత నిన్ను సూసిన మూడో దినమే అనుకున్న. పుస్తకం వట్టుకున్న పోరి, వంటింట్ల అడుగువెట్టది అని."

నేను తలదించుకున్నాను. ఆమె తడిచెయ్యి కొంగుకు తుడుచుకుని నా వైపు తిరిగి నవ్వింది.

"గదొక్కటి మాత్రం నిజమే అయ్యింది గని, ఇగ లే, ఆ గంటె అందుకో."